నీళ్ళు తీస్తే ఊపిరితిత్తికి చిల్లు పడుతుందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఊపిరితిత్తుల గురించినవే ఎక్కువ. ఐదింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. చెన్నై పెరంబూరు సోదరి ఉత్తరానికి ఎక్కువ చోటు ఇచ్చాను, ఎందుకంటే ఆ భయం ఆమె ఒక్కదానిదే కాదు, చాలా ఇళ్ళలో ఉంది.

ప్రశ్న: డాక్టరు గారూ, మాది నెల్లూరు దగ్గర పల్లె, పదేళ్ళుగా పెరంబూరులో ఉంటున్నాం. మా వారికి 36 ఏళ్ళు. రెండు నెలల కింద కుడివైపు డొక్కలో సూదితో పొడిచినట్టు నొప్పి వచ్చింది, గట్టిగా ఊపిరి తీస్తే తట్టుకోలేకపోయేవారు. సాయంత్రమయ్యేసరికి సన్నగా జ్వరం. పది రోజులకి నొప్పి దానంతటదే తగ్గింది, గ్యాస్ నొప్పేమో అనుకుని ఊరుకున్నాం. తర్వాత మెట్లెక్కితే ఆయాసం. ఎక్స్‌రే తీసి ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు, వీపులో సూది గుచ్చి 900 మిల్లీలీటర్లు తీశారు, పసుపు పచ్చగా ఉంది. పరీక్షలు చేసి టీబీ అని 6 నెలల మందులు రాశారు. మిగిలిన నీళ్ళు వచ్చే వారం తీస్తామంటున్నారు. సూది గుచ్చితే ఊపిరితిత్తికి చిల్లు పడుతుంది, ఒకసారి తీస్తే ఇక తీస్తూనే ఉండాలి అని మా అత్తగారు ఒప్పుకోవడం లేదు. ఇంట్లో 4 ఏళ్ళ పాప ఉంది. నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: భయపడకమ్మా. నీళ్ళు తీయించండి. ఇదంతా మీ అత్తగారికి కూడా చదివి వినిపించండి.

మనందరం "ఊపిరితిత్తుల్లో నీరు" అనేస్తాం. మన ఊళ్ళలో అయితే "నెమ్ము చేసింది" అంటారు, ఆ ఒక్క మాటలోనే నిమోనియా, నీరు చేరడం, గుండె బలహీనపడి ఊపిరాడకపోవడం అన్నీ కలిసిపోతాయి. చాలావరకు భయం ఆ మాట దగ్గరే పుడుతుంది. మీ వారికి నీరు చేరింది ఊపిరితిత్తి లోపల కాదు. ఊపిరితిత్తికీ ఛాతీ గోడకీ మధ్య. ఇంటి గోడ లోపలికి నీరు దిగడం వేరు, గోడకీ బీరువాకీ మధ్య నీరు నిలవడం వేరు కదా, అలాగే ఇది.

ఒక్కో ఊపిరితిత్తినీ చుట్టి ప్లూరా అనే పలచని పొర ఉంటుంది. ఇది ఎలా ఉంటుందో తెలియాలంటే వంటింట్లోకి వెళ్ళి ఖాళీ అయిన ఆవిన్ పాల ప్యాకెట్టు ఒకటి తీసుకోండి. కడిగి, లోపల రెండు మూడు చెంచాల నీళ్ళు వదిలి, కొంచెం గాలి ఉండగానే మూతి గట్టిగా కట్టేయండి. ఇప్పుడు మీ పిడికిలిని దాని మధ్యలోకి నొక్కండి, ప్యాకెట్టు మీ చేతిని చుట్టుకునేదాకా. పిడికిలే ఊపిరితిత్తి అనుకోండి. పిడికిలికి అంటుకుపోయినది లోపలి పొర, బయట కనిపించేది బయటి పొర, మణికట్టు దగ్గర రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఊపిరితిత్తికి కూడా అలాంటి మణికట్టు ఉంది, గాలి గొట్టం, రక్తనాళాలు లోపలికి వెళ్ళే చోటు. ఒక సంగతి గమనించండి, మీ పిడికిలి ప్యాకెట్టు లోపలికి వెళ్ళనేలేదు, నీళ్ళు దాన్ని తాకనూ లేదు. మీ వారి ఊపిరితిత్తి కూడా ఆ నీటిలో మునగలేదు, నీటి పక్కన ఒత్తిడి తిని ముడుచుకుంది. అందుకే ఆయాసం.

మామూలుగా ఆ రెండు పొరల మధ్య ఉండే నీరు రెండు మూడు టీస్పూన్లకి మించదు. అంత కొంచెం ఎందుకంటే, కడిగిన స్టీలు పళ్ళేలు రెండు తడితో ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. పక్కకి జరిపితే నున్నగా జారతాయి, పైకి లాగితే విడిపోవు. ఊపిరితిత్తికి తనంతట తాను కదిలే కండరం లేదు. ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డంగా ఉండే కండరం డయాఫ్రం కిందికి దిగి, పక్కటెముకలు విప్పుకున్నప్పుడు ఈ తడి పొరలే దాన్ని ఛాతీ గోడతో పాటు లాక్కుని వెళతాయి, అలా గాలి లోపలికి వస్తుంది. రెండు పొరల మధ్య ఒత్తిడి ఎప్పుడూ బయటి గాలి ఒత్తిడి కంటే కొంచెం తక్కువగా ఉంటుంది, విశ్రాంతిగా ఉన్నప్పుడు సుమారు 5 సెంటీమీటర్ల నీటి మట్టమంత తక్కువ. ఆ చిన్న తేడానే రోజంతా ఊపిరితిత్తిని విప్పి పట్టుకుంటుంది.

నేను చాలా ఏళ్ళు మెడికల్ కాలేజీలో అనాటమీ చెప్పాను. శవం ఛాతీ తెరిచాక విద్యార్థుల చేత మొదట చేయించే పని ఒకటుంది. చేతిని నెమ్మదిగా ఊపిరితిత్తికీ పక్కటెముకలకీ మధ్య దూర్చమంటాం. బాగున్న మనిషిలో చెయ్యి పట్టుబట్ట మడతలోకి వెళ్ళినట్టు వెనక దాకా జారిపోతుంది. ఎప్పుడో ప్లూరాకి జబ్బు చేసిన మనిషిలో మధ్యలో ఆగిపోతుంది, రెండు పొరలూ అతుక్కుని ఉంటాయి, వేలితో విడదీయాల్సి వస్తుంది. ఆ మనిషి బతికున్నప్పుడు ఆ నొప్పి ఎలా భరించాడో అని ప్రతిసారీ అనిపించేది నాకు.

నొప్పి అంటే గుర్తొచ్చింది. మీ వారికి మొదట పొడిచినట్టు నొప్పి, తర్వాత తగ్గిపోవడం, ఆ తర్వాత ఆయాసం అన్నారు చూడండి, ఈ జబ్బు వరసగా నడిచే తీరే అది. ఊపిరితిత్తికి, దాన్ని అంటుకున్న లోపలి పొరకి, ఇలాంటి నొప్పి తెలియదు. బయటి పొరకి మాత్రం బాగా తెలుస్తుంది, పక్కటెముకల నరాలే దానికీ వస్తాయి కాబట్టి. వాపొచ్చి గరుకెక్కిన పొరలు ఊపిరి తీసినప్పుడల్లా ఒరుసుకుంటే పొడిచినట్టు ఉంటుంది, స్టెతస్కోపు పెడితే కొత్త తోలు చెప్పులు కిర్రుమన్నట్టు చప్పుడు కూడా వినిపిస్తుంది. నీరు ఊరేకొద్దీ పొరలు ఒకదానికొకటి దూరమవుతాయి, ఒరిపిడి ఆగుతుంది, నొప్పి పోతుంది. మనం నయమైందనుకుంటాం. నిజానికి అప్పుడే నీరు పెరుగుతోంది. ఎదురుగా నిలబెట్టి తీసే ఎక్స్‌రేలో కనిపించాలంటే సుమారు 200 మిల్లీలీటర్లైనా చేరాలి. ఊపిరి తీస్తే పొడిచే నొప్పి, దాంతో జ్వరం ఉంటే మాత్రం గ్యాస్ మాత్రతో సరిపెట్టుకోకండి అని చదివేవాళ్ళందరికీ చెబుతున్నాను.

ఇక సూది సంగతి. ప్లూరా సంచి ఊపిరితిత్తి కంటే కిందిదాకా దిగి ఉంటుంది. వీపు వైపు చూస్తే, మామూలు ఊపిరిలో ఊపిరితిత్తి 10వ పక్కటెముక దగ్గర ఆగుతుంది, సంచి 12వ పక్కటెముక దాకా వెళుతుంది. మధ్యలో ఉన్న ఆ ఖాళీ మూలలోనే మొదట నీరు నిలుస్తుంది. మీ వారికి చేరినంత నీరు ఉంటే అది ఊపిరితిత్తిని ఇంకా పైకీ, లోపలికీ నెట్టేస్తుంది, కాబట్టి సూది వెళ్ళేది నీటిలోకే. ఇప్పుడు చాలాచోట్ల అల్ట్రాసౌండ్‌లో నీరు ఎక్కడుందో చూసి, అక్కడే గుర్తు పెట్టి గుచ్చుతున్నారు. పక్కటెముక కింది అంచున రక్తనాళాలు, నరం ఉంటాయి కాబట్టి సూదిని కింద ఉన్న ఎముక పై అంచుని ఆనించి పోనిస్తారు. కూర్చోబెట్టి, ముందుకు వంచి, బల్ల మీద దిండు పెట్టి చేతులు ఆనించమంటారు, దగ్గొద్దు, కదలొద్దు అంటారు. ఆ ఒక్క మాట మీ వారిని గట్టిగా పాటించమనండి. అరుదుగా సూది వల్ల కొంచెం గాలి చేరడం జరగొచ్చు, దాన్ని కనిపెట్టడానికే తర్వాత కాసేపు ఉంచి చూస్తారు.

అంతా ఒకేసారి ఎందుకు తీయలేదని మీకు అనుమానం రావచ్చు. ముడుచుకున్న ఊపిరితిత్తి ఒక్కసారిగా విప్పుకుంటే అప్పుడు నిజంగానే దాని లోపలికి నీరు ఊరే ప్రమాదం ఉంది. అందుకే సాధారణంగా ఒక విడతలో లీటరున్నర దాటనివ్వరు. తీస్తున్నప్పుడు దగ్గు తెరలు వస్తే, ఊపిరితిత్తి విప్పుకుంటోందని అర్థం.

"తీస్తే తీస్తూనే ఉండాలి" అన్న మాట ఊరికే పుట్టలేదు. క్యాన్సర్ వల్లో, గుండె, కాలేయం, కిడ్నీ జబ్బుల వల్లో చేరిన నీరు, ఆ జబ్బు తగ్గకపోతే మళ్ళీ ఊరుతుంది, అలాంటి వాళ్ళని చూసి పెద్దవాళ్ళు సూదినే తప్పుపట్టారు. టీబీ నీరు అలా కాదు, మందు పనిచేయడం మొదలుపెట్టాక ఊరడం ఆగిపోతుంది, మిగిలినదాన్ని శరీరమే నెమ్మదిగా పీల్చుకుంటుంది. 6 నెలల్లో ఒక్క రోజు కూడా మాత్ర మానకూడదు, నెల తిరిగేసరికి ఒళ్ళు బాగుపడినట్టు అనిపించినా సరే. మాత్రలతో మూత్రం నారింజ రంగులో వస్తుంది, అది రక్తం కాదు. కళ్ళు పచ్చబడినా, చూపు మసకబారినా మాత్రం వెంటనే చూపించండి.

పాప గురించి. ప్లూరాకి మాత్రమే టీబీ ఉంటే అది దగ్గుతో అంతగా అంటుకునేది కాదు. కానీ ఊపిరితిత్తిలో కూడా ఉందో లేదో గళ్ళ (కఫం) పరీక్ష చేసి చెప్పాలి, అది చేశారో లేదో అడగండి. పాపని తప్పకుండా తీసుకెళ్ళి చూపించండి, 5 ఏళ్ళలోపు పిల్లలకి అవసరమైతే జబ్బు రాకుండా ముందే మందు ఇస్తారు. పరీక్షలూ మందులూ ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం.

మంచం, పళ్ళెం వేరు పెట్టకండి. మీరుండే ఊళ్ళోనే దీని మీద పెద్ద పని జరిగింది. బీచ్ నుంచి తాంబరం వెళ్ళే లోకల్ రైలెక్కితే తాంబరం శానటోరియం అని స్టేషన్ వస్తుంది కదా, 1928లో అక్కడ క్షయరోగుల కోసం శానటోరియం పెట్టారు, ఇల్లు వదిలి వెళ్ళి నెలల తరబడి ఉండటమే అప్పటి వైద్యం. మందులు వచ్చాక 1956లో చేత్‌పేటలో ఒక పరిశోధన కేంద్రం మొదలుపెట్టి, కొంతమంది రోగులకి శానటోరియంలో, కొంతమందికి వాళ్ళ ఇరుకు ఇళ్ళలోనే అవే మందులిచ్చి పోల్చి చూశారు. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇంట్లో ఉండి మందు తిన్నవాళ్ళకి కూడా దాదాపు అంతే బాగా నయమైంది, వాళ్ళ ఇంట్లోవాళ్ళకి అందువల్ల జబ్బు ఎక్కువగా అంటుకోనూ లేదు. లోకమంతా టీబీకి ఇంటి దగ్గరే మందు ఇవ్వడం ఆ మద్రాసు ఫలితంతోనే ఊపందుకుంది.

ప్రశ్న: నాకు 23 ఏళ్ళు, షోళింగనల్లూరులో ఐటీ ఉద్యోగం, హాస్టల్లో ఉంటాను. ఎత్తు 6 అడుగుల 1 అంగుళం, బరువు 58 కిలోలు. పోయిన నెల కుర్చీలో కూర్చుని ఉండగా ఉన్నట్టుండి ఎడమ ఛాతీలో నొప్పి, ఊపిరాడలేదు. ఊపిరితిత్తి కొలాప్స్ అయిందని గొట్టం వేసి 4 రోజులు ఉంచారు. నేనేమీ బరువులు ఎత్తలేదు, దెబ్బ తగల్లేదు. రోజుకి 5, 6 సిగరెట్లు తాగుతాను. అక్క పెళ్ళికి హైదరాబాద్ విమానంలో వెళ్ళొచ్చా?

జవాబు: బాబూ, పైన చెప్పిన పాల ప్యాకెట్టు నువ్వూ చదువు. ఆమె భర్తకి పొరల మధ్య నీరు చేరితే నీకు గాలి చేరింది. సన్నగా, పొడుగ్గా ఉండే కుర్రాళ్ళలో కొందరికి ఊపిరితిత్తి పై కొసన చిన్న చిన్న బుడగలు ఉంటాయి, వాటిలో ఒకటి పగిలితే లోపలి గాలి పొరల మధ్యకి వచ్చేస్తుంది. తడి పళ్ళేల మధ్యకి గాలి దూరితే ఏమవుతుంది? విడిపోతాయి. రబ్బరు లాంటి ఊపిరితిత్తి తన సాగుడు గుణం కొద్దీ ముడుచుకుంటుంది. అంతే జరిగింది. కూర్చున్నా, పడుకున్నా జరుగుతుంది, నీ తప్పేమీ లేదు. సిగరెట్ ఒక్కటి మాత్రం దీన్ని చాలా రెట్లు పెంచుతుంది.

మంచం పక్కన నీళ్ళున్న సీసా పెట్టారు కదా, గొట్టం కొస ఆ నీళ్ళలో మునిగి ఉంటుంది. ఛాతీలోంచి గాలి బుడగలు బుడగలుగా బయటికి వస్తుంది, తిరిగి లోపలికి వెళ్ళాలంటే నీళ్ళు అడ్డం. సీసాని ఛాతీ కంటే ఎత్తుకి ఎత్తొద్దని నర్సమ్మ చెప్పే ఉంటుంది, ఎత్తితే ఆ నీళ్ళు లోపలికి పోతాయి.

నీకు ఇంకో సంగతి చెప్పాలి. టీబీకి మందు లేని రోజుల్లో డాక్టర్లు కావాలనే సూదితో పొరల మధ్యకి గాలి ఎక్కించి ఊపిరితిత్తిని ముడుచుకునేలా చేసేవారు, పుండు పడిన భాగానికి విశ్రాంతి దొరుకుతుందని. 1882లో ఇటలీ వైద్యుడు ఫోర్లానీనీ ప్రతిపాదించిన పద్ధతి అది. ఒక ఊపిరితిత్తి ముడుచుకున్నా రెండోదానితో మనిషి నెట్టుకురాగలడు, ఎందుకంటే ఎడమ సంచికీ కుడి సంచికీ దారి లేదు, దేనికది వేరు.

విమానం విషయానికొస్తే, పైకి వెళ్ళేకొద్దీ క్యాబిన్‌లో ఒత్తిడి తగ్గుతుంది, లోపల చిక్కిన గాలి ఉబ్బుతుంది. కాబట్టి ఎక్స్‌రేలో ఊపిరితిత్తి పూర్తిగా విప్పుకుందని తేలాక కనీసం వారం దాటాలి, అదీ నీ డాక్టరు సరేనంటేనే. అనుమానంగా ఉంటే చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కు, రైలుకి ఈ ఇబ్బంది లేదు. పుదుచ్చేరిలో స్కూబా డైవింగ్ అని స్నేహితులు పిలిస్తే మాత్రం వెళ్ళకు. ఇది మళ్ళీ వచ్చే అవకాశం బాగానే ఉంది, అదే నొప్పి వస్తే తెల్లారేదాకా ఆగకుండా వెళ్ళు. సిగరెట్ పెళ్ళయ్యాక కాదు, ఇవాళే మానెయ్.

ప్రశ్న: మా మనవడికి రెండేళ్ళు, వేళచేరిలో మా అమ్మాయి దగ్గర ఉంటాం. మూడు వారాల కింద శెనక్కాయలు తింటూ పొలమారింది, కాసేపు ఉక్కిరిబిక్కిరై సర్దుకున్నాడు. అప్పట్నుంచీ దగ్గు, ఒకవైపు పిల్లికూతలు. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు, అయినా మత్తిచ్చి గొట్టం వేసి చూడాలంటున్నారు. అంత చిన్నవాడికి అవసరమా?

జవాబు: అవసరమేనండీ, ఆలస్యం చేయొద్దు. శెనక్కాయ బద్ద ఎక్స్‌రేలో కనిపించదు. కనపడలేదంటే లేదని కాదు.

పొలమారడం అంటే అన్నవాహికలోకి వెళ్ళాల్సింది గాలి గొట్టంలోకి వెళ్ళబోవడం. నెత్తిన తట్టి ఎవరో తలుచుకుంటున్నారు అంటాం, చాలాసార్లు దగ్గుతో వచ్చేస్తుంది కూడా. రాకపోతే కిందికి జారుతుంది. గాలి గొట్టం రొమ్ము ఎముక వెనక రెండుగా చీలుతుంది, కుడి గొట్టం పొట్టిగా, వెడల్పుగా, నిటారుగా ఉంటుంది, పెద్దవాళ్ళలో దాని పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లయితే ఎడమది దాదాపు 5. అందుకే పడేవి ఎక్కువగా కుడివైపే పడతాయి, పసిపిల్లల్లో ఆ వంపు తేడా తక్కువ కాబట్టి ఎడమవైపు పడటం కూడా మామూలే. మొదటి ఉక్కిరిబిక్కిరి తర్వాత బాగున్నట్టు కనిపించే రోజులు కొన్ని ఉంటాయి, అవే మోసం చేస్తాయి. గింజ తడికి ఉబ్బుతుంది, దాని నూనెకి గొట్టం లోపలి పొర వాచిపోతుంది, దాని వెనక చీము పడుతుంది. అలవాటున్న చేతుల్లో ఇలా గొట్టం వేసి చూడటం (బ్రాంకోస్కోపీ) పెద్ద భయపడాల్సింది కాదు, లోపల వదిలేస్తేనే ప్రమాదం. ఇంట్లో పిల్లలకి నాలుగైదేళ్ళు వచ్చేదాకా శెనక్కాయలు, బఠాణీలు, శనగలు గింజలుగా పెట్టకండి, చిక్కీ కూడా.

ప్రశ్న: నర్సింగ్ మొదటి సంవత్సరం, చిత్తూరు నుంచి వచ్చి తాంబరంలో చదువుతున్నాను. కుడి ఊపిరితిత్తికి 3 భాగాలు, ఎడమదానికి 2 ఎందుకు? ఊపిరితిత్తి మెడ దాకా ఉంటుందని మా మేడమ్ అన్నారు, నిజమేనా?

జవాబు: నిజమే తల్లీ. మెడ ముందు కాలర్ బోన్ మీద వేలు పెట్టుకుని, దాని లోపలి కొసకి కొంచెం పైన నొక్కి చూసుకో. దాని వెనకే ఊపిరితిత్తి కొస ఉంది, ఎముక కంటే సుమారు రెండున్నర సెంటీమీటర్లు పైకి వస్తుంది. రేపు వార్డులో మెడలోని రక్తనాళానికి సూది వేశాక ఎక్స్‌రే ఎందుకు తీయిస్తారో ఇప్పుడు అర్థమైంది కదా.

ఎడమవైపు గుండె చోటు తీసుకుంటుంది, అందుకని ఆ ఊపిరితిత్తి ముందు అంచున నొక్కు పడి ఉంటుంది, భాగాలూ 2. కుడివైపు కింద కాలేయం డయాఫ్రాన్ని పైకి నెడుతుంది కాబట్టి అది పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. ఒక్కో చీలికలోకీ ప్లూరా లోపలి పొర దిగుతుంది, అది మర్చిపోకు, పరీక్షలో అడుగుతారు.

నీ తమిళ స్నేహితురాళ్ళు దీన్ని నురైయీరల్ అంటారు, నురగ లాంటి కాలేయం అని. మనం తిత్తి అన్నాం, కంసాలి కొలిమి దగ్గర లాగే తోలు సంచి. నాకు రెండు మాటలూ ఇష్టం. మటన్ కొట్టులో మేక ఊపిరితిత్తి ముక్క నీళ్ళలో వేస్తే తేలుతుంది, లోపలంతా నురగలాగా గాలి గదులే. మనిషిలో అవి 30 కోట్లకి పైనే ఉంటాయి, విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు, అంటే ఇక్కడి చిన్న డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ నేలంత. తిత్తి అన్నవాళ్ళు దాని పనిని చూశారు, కొలిమితిత్తి కూడా దానంతటది కదలదు, పక్కన ఒక మనిషి లాగాలి. ఇక్కడ లాగే మనిషి డయాఫ్రం.

ప్రశ్న: నాన్నగారికి బైపాస్ అయింది, వలసరవాక్కంలో మా ఇంట్లోనే ఉన్నారు. మూడు బంతుల పరికరం ఇచ్చారు, రోజూ ఊదుతున్నారు కానీ బంతులు లేవడం లేదు. ఊపిరితిత్తులు పాడయ్యాయేమోనని టెన్షన్ పడుతున్నారు.

జవాబు: దాన్ని ఊదకూడదండీ, పీల్చాలి. చాలామంది ఇలాగే ఊదుతుంటారు. ఆయన్ని నిటారుగా కూర్చోబెట్టండి, కుట్ల మీద చిన్న దిండు అదిమి పట్టుకోమనండి. ముందు గాలి పూర్తిగా వదిలేసి, గొట్టం పెదాల మధ్య బిగించి, పాయసం స్ట్రాతో పీలుస్తున్నట్టు నెమ్మదిగా లోపలికి లాగాలి. ఒక్క బంతి లేచి రెండు మూడు సెకన్లు నిలబడినా చాలు, తర్వాత వదిలేయాలి. మెలకువగా ఉన్నప్పుడు గంటకి పదిసార్లు. ఆపరేషన్ తర్వాత నొప్పికి భయపడి పైపైన ఊపిరి తీస్తే కింది మూలల్లోని గాలి గదులు ముడుచుకుపోతాయి, వాటిని తెరిపించడానికే ఆ పరికరం. తల తిరిగితే కాసేపు ఆపి మళ్ళీ మొదలుపెట్టమనండి.